మసక బొమ్మలకు లెక్కల సాయం

సంపాదకులకు,

డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు (నమూనాకు పట్టించిన రంగు వెలిగితే చూపేది) కింద కాస్త మందమైన కణజాలం పెడితే, ఫోకస్‌లో లేని పొరల వెలుతురు కూడా కలిసి బొమ్మ అలుక్కుపోతుంది. ఆ అదనపు వెలుతురును అడ్డుకునే కాన్ఫోకల్ మైక్రోస్కోపు కొనే స్తోమత మాకు లేదు. డీకన్వల్యూషన్ ఉంది కదా! ఒక్క చుక్క వెలుగును లెన్సు ఎంత మేర చెదరగొడుతుందో 0.1 మైక్రాన్ మెరిసే పూసలతో కొలిచి, చెదిరిన వెలుగును కంప్యూటర్ లెక్కతో తిరిగి దాని చోటికి చేర్చడమే ఇది. 1993లో మరమ్మతు జరిగేదాకా హబుల్ టెలిస్కోపు మసక చిత్రాలను చక్కదిద్దింది ఇలాంటి లెక్కలే. బొమ్మలను విశ్లేషించే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్ ఉచితం, దానికి జోడించుకుంటే ఈ పని చేసే ప్లగిన్లూ ఉచితంగా దొరుకుతాయి. అయినా మా ప్రాక్టికల్స్‌లో దీని ఊసే లేదు. సిలబస్‌లో చేర్చాలి. లెక్కను మితిమీరి మళ్లీ మళ్లీ చేయిస్తే లేని చుక్కలూ పుట్టుకొస్తాయి కాబట్టి, రికార్డులో అసలు చిత్రాన్ని కూడా పక్కనే అంటించాలన్న నిబంధన తప్పకుండా పెట్టాలి.

– ఒక జువాలజీ అధ్యాపకురాలు, అమలాపురం