ప్రత్యేక తరగతులు తొమ్మిదిలోనే మొదలవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో దసరా సెలవులు దాటాక ఏటా ఒకే వరస. పదో తరగతికి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ప్రత్యేక తరగతులు. రోజుకో స్లిప్ టెస్టు. ప్రీ ఫైనల్ అయ్యాక ‘సి గ్రేడు’ పిల్లల జాబితా, వాళ్లకు ఏరి పెట్టిన ప్రశ్నలతో బట్టీ. ఇలా గట్టెక్కిన పిల్లల్లో చాలామంది ఇంటర్ మొదటి ఏడాదిలోనో పాలిటెక్నిక్ గణితం దగ్గరో మళ్లీ కూలబడుతున్నారు. లోపం ఎక్కడుందో ఎవరూ చూడలేదు కాబట్టే ఇలా జరుగుతోంది.

ఆ లోపం పదో తరగతి పుస్తకంలో లేదు. x² − 2x − 15 ను కారణాంకాలుగా విడగొట్టలేని విద్యార్థిని −5 + 3 ఎంతని అడిగి చూడండి. −8 అంటాడు. −3 − 5 ఎంతంటే +8 అంటాడు, ‘మైనస్ మైనస్ ప్లస్’ అన్న గుణకారం సూత్రాన్ని కూడికకూ వాడేస్తాడు కనుక. ½ + ⅓ కు 2/5 అని రాసే పిల్లలు తొమ్మిదో తరగతిలోనూ ఉన్నారు. భౌతికశాస్త్రంలో ఓమ్ సూత్రం తడుముకోకుండా అప్పజెప్పిన అమ్మాయి, 6 వోల్టులను 0.5 ఆంపియర్లతో భాగించమంటే నిరోధం 3 ఓంలు అంటుంది. భాగిస్తే సంఖ్య తగ్గి తీరాలన్నది ఆమె నమ్మకం. జవాబు 12 అని దిద్ది ముందుకు పోతే ఆ నమ్మకం అలాగే ఉండిపోతుంది. ఇలాంటి పిల్లలకు పదో తరగతి పాఠాన్నే రెండోసారి, కాస్త గట్టిగా చెప్పడాన్ని ప్రత్యేక బోధన అనలేం.

అందుకే మా మొదటి విన్నపం సమయం గురించి. తొమ్మిదో తరగతి జూన్‌లో, బడి తెరిచిన రెండు వారాల్లోగా ప్రతి విద్యార్థి స్థాయినీ తెలుసుకోవాలి. దీనికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. ఒకే కాగితం మీద ఇరవై లెక్కలు చాలు: స్థానవిలువలు, అప్పు తెచ్చే తీసివేత, రెండంకెల భాగహారం, భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు, చిన్న సమీకరణాలు. మార్కులు వేయకూడదు, ఏ మెట్టు దగ్గర తప్పాడో రాసుకోవాలి. చదవడాన్ని మాత్రం రాత పరీక్షతో కొలవలేం. తెలుగులో ఒక పేరా, ఇంగ్లిషులో ఒక పేరా ఒక్కొక్కరితో విడిగా పైకి చదివించాలి. ఒక్కో విద్యార్థికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. నలభై మంది ఉన్న సెక్షన్‌ను ఇద్దరు ఉపాధ్యాయులు రెండు రోజుల్లో పూర్తి చేయొచ్చు. పక్కవాడిది చూసి రాసి నెట్టుకొస్తున్న పిల్లలు బయటపడేది ఇక్కడే.

ఆ తర్వాత సెక్షన్లను పక్కన పెట్టి, స్థాయిని బట్టి పన్నెండు నుంచి పదిహేను మంది జట్లుగా చేయాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఒకే జట్టులో ఉన్నా ఫరవాలేదు. వారానికి నాలుగు పీరియడ్లు, అవీ టైంటేబుల్ లోపలే ఉండాలి. సాయంత్రం నాలుగున్నర తర్వాత పెట్టే తరగతికి ముందుగా దూరమయ్యేది పక్క ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలు. ఊరికి వెళ్లే సాయంత్రం బస్సు తప్పితే వాళ్లకు మరో దారి లేదు. అంటే సాయం అందరికన్నా ఎక్కువ కావలసిన వాళ్లే హాజరు పట్టీలో ఉండరు. ఆరు వారాలకోసారి మళ్లీ పరీక్షించి, ముందుకొచ్చిన పిల్లల్ని పై జట్టుకు పంపాలి. ఈ పని జరగకపోతే జట్టు కాస్తా ముద్రగా మారుతుంది. ‘డల్ బ్యాచ్’ అన్న మాట స్టాఫ్ రూములో పుట్టి తరగతి గదికి చేరడానికి ఎంతో కాలం పట్టదు.

పైకి చదివించినప్పుడే ఇంకొకటి తెలుస్తుంది. నోటితో అడిగితే చక్కగా చెప్పే పిల్లవాడు రాతలో ఒత్తులు వదిలేస్తున్నా, బోర్డు మీది వాక్యాన్ని చూసి కూడా ఎక్కించుకోలేకపోతున్నా, అక్షరాలు తారుమారు చేస్తున్నా అది సోమరితనం కాకపోవచ్చు. నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని (డిస్‌లెక్సియా వంటివి) 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తాను గుర్తించిన 21 వైకల్యాల్లో చేర్చింది. ప్రధానోపాధ్యాయుడు మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి రాయాలి. అక్కడి రిసోర్స్ పర్సన్ పరిశీలించాక పిల్లవాణ్ని వైద్య నిర్ధారణకు పంపాలి, ధ్రువపత్రానికి దివ్యాంగుల గుర్తింపు కార్డుల యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేయించాలి. అర్హత తేలిన వారికి లేఖకుడి సాయం గానీ, గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం గానీ కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. మూడు గంటల పరీక్షకు అది ఒక పూర్తి గంట. కానీ ఈ ప్రయత్నం ఫిబ్రవరిలో మొదలుపెడితే చేతికేమీ రాదు. పదో తరగతి పరీక్ష రాసేవారి జాబితా (నామినల్ రోల్స్) పంపే నాటికే ధ్రువపత్రం ఉండాలంటే తొమ్మిదిలోనే కదలాలి.

ఇక వృత్తి విద్య. 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలని 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టుకుంది. ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్, దుస్తుల తయారీ, వ్యవసాయం, ఐటీ వంటి కోర్సులను 9, 10 తరగతుల్లో నడిపే వెసులుబాటు కేంద్ర పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్షలో ఉంది. భోపాల్‌లోని కేంద్రీయ వృత్తి విద్యా సంస్థ పాఠ్యప్రణాళిక ఒక్కో తరగతికి ఏటా 200 గంటలు కేటాయించింది. 45 నిమిషాల పీరియడ్ లెక్కన అవి 266 దాటుతాయి. 36 వారాలకు పంచితే వారానికి ఏడు పీరియడ్లకు పైమాటే. మూడో నాలుగో ఇచ్చే బడిలో సగం కోర్సు చెప్పినట్టే లెక్క. వదిలేసే ఆ సగం ఎప్పుడూ ప్రాక్టికల్ భాగమే అవుతుంది, ఎందుకంటే థియరీకి ఓ పుస్తకం ఉంటే చాలు. ప్రాక్టికల్‌కు తీగ కావాలి, బట్ట కావాలి, టంకం కావాలి, ఇవన్నీ వాడగానే అయిపోతాయి. పనిముట్లు ఒకసారి కొనిచ్చి, ఈ వాడుక సరుకులకు ఏటా డబ్బు ఇవ్వకపోతే ల్యాబుకు తాళం పడుతుంది. శిక్షకులను ఏజెన్సీల ద్వారా ఏడాది ఒప్పందం మీద తీసుకోవడం ఇంకో దెబ్బ. ఒప్పందం పొడిగింపు ఆలస్యమైతే జూన్, జూలై నెలలు శిక్షకుడు లేకుండానే గడిచిపోతాయి.

వెనుకబడిన పిల్లల్ని ఏరి వృత్తి తరగతిలో కూర్చోబెట్టే అలవాటు అన్నిటికన్నా చేటు. చదువు రానివాడికి పని అన్న ఆలోచన తప్పు. పనికి చదువు కావాలి. 34 అంగుళాల ఛాతీ కొలతలో నాలుగో వంతు 8½, దానికి వదులు 1¼ కలిపితే 9¾. ఇక్కడ భిన్నాలు రానివారు గుడ్డ పాడుచేస్తారు. కానీ నల్లబల్ల మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని భిన్నం టేపు పట్టుకున్నప్పుడు ఎక్కుతుంది, తప్పు కంటికి కనిపిస్తుంది కనుక. విద్యుత్ పాఠమూ అంతే. ఒక స్విచ్చి ఒక దీపం, ఆ తర్వాత మెట్ల దీపానికి రెండు టూ వే స్విచ్చులు: ఈ రెండు వలయాలనూ 12 వోల్టుల మీద పిల్లల చేత కట్టించవచ్చు. ఇంటి వైరింగ్‌లో స్విచ్చిని ఫేజ్‌లో కాక న్యూట్రల్‌లో పెడితే ఏమవుతుందో ఉపాధ్యాయుడు వివరించాలి. దీపం ఆరుతుంది, హోల్డరులో మాత్రం కరెంటు ఉండిపోతుంది. ప్రమాదాలు జరిగేది అక్కడే. అందువల్ల గణితం, భౌతికశాస్త్రం చెప్పేవారూ వృత్తి శిక్షకుడూ నెలకోసారి కూర్చుని, వచ్చే నెల పాఠాలను ఒకదానికొకటి జతపరచుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇరవై మందికి ఒక బ్యాచ్, నలుగురికి ఒక కిట్టు చొప్పున అయిదు కిట్లు ఉంటే ప్రతి చేతికీ పని దొరుకుతుంది. నలభై మందికి ఒకే బల్ల ఉంటే ముందు వరస చేస్తుంది, మిగతావారు చూస్తారు.

పది తర్వాతి దారుల గురించి ఇళ్లలో తెలిసింది చాలా తక్కువ. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ప్రశ్నలు పదో తరగతి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల నుంచే వస్తాయి. మూడేళ్ల డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల ట్రేడులు, వెల్డర్ ఏడాది. ఇంటర్ వృత్తి కోర్సు చదివేవారు తర్వాత సాధారణ డిగ్రీకో ప్రవేశ పరీక్షకో వెళ్లాలనుకుంటే సాధారణ ఇంటర్ సబ్జెక్టుల బ్రిడ్జి కోర్సు పరీక్ష కూడా రాయాలి. ఈ సంగతి చాలామందికి ఇంటర్ అయిపోయాకే తెలుస్తోంది. ఆర్జీయూకేటీ విశ్వవిద్యాలయం నడిపే ట్రిపుల్ ఐటీల్లో సీటు పదో తరగతి ఫలితం మీదే ఆధారపడుతుంది. బడి మధ్యలో మానేసినవారికి ఓపెన్ స్కూల్ ఉంది.

వీటన్నిటికన్నా ముందు వచ్చేది ఎనిమిదో తరగతిలో కేంద్ర ఉపకారవేతనం కోసం రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్ష. మానసిక సామర్థ్యంపై 90, పాఠ్యాంశాలపై 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు అవకాశం ఉంది, వసతితో నడిచే ప్రభుత్వ గురుకులాల వారికి లేదు. ఎంపికయ్యాక కూడా డబ్బు పోగొట్టుకునే పిల్లలున్నారు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో తొమ్మిదో తరగతిలో నమోదు చేయకపోవడం, ఆ తర్వాత ఏటా రెన్యువల్ మరిచిపోవడం, ఆధార్‌లో ఒక పేరు బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉండడం ఇందుకు ముఖ్య కారణాలు. ప్రతి బడిలో ఈ పని ఒక ఉపాధ్యాయుడి పేరున రాతపూర్వకంగా అప్పగించాలి.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ కోరుతున్నది ఇదీ: వచ్చే విద్యా సంవత్సరం అకడమిక్ క్యాలెండర్‌లోనే తొమ్మిదో తరగతి స్థాయి పరీక్షకు జూన్‌లో తేదీలు వేయాలి. ప్రత్యేక బోధనకు వారానికి నాలుగు, వృత్తి విద్యకు ఏడు పీరియడ్లు టైంటేబుల్ ఉత్తర్వులోనే చూపాలి. వృత్తి శిక్షకుల ఒప్పందాలను ఏప్రిల్‌లోగా పొడిగించాలి. వాడుక సరుకుల నిధిని బడి తెరిచేనాటికే పాఠశాల ఖాతాలో వేయాలి.

— ఉన్నత పాఠశాలల్లో గణితం, భౌతికశాస్త్రం, వృత్తి విద్య బోధించే కొందరు ఉపాధ్యాయులు