ఆ పాట రాసినాయన పేరేదీ?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో యానిమేషన్ సినిమాల పాటల మీద వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. అందులో డిస్నీ వాళ్ల 'బ్యూటీ అండ్ ద బీస్ట్' (ఒక అందమైన అమ్మాయి, శాపంతో మృగంగా మారిన రాకుమారుడి కథ) సినిమాలోని అదే పేరున్న పాట గురించి రెండు పేరాలు కనిపించేసరికి ఇంకా సంబరపడ్డాను, ఎందుకంటే ఆ పాటంటే నాకు ప్రాణం. తీరా చదివితే అది సెలిన్ డియోన్ పాడిన ప్రేమ యుగళగీతమనీ, సంగీతం అలన్ మెంకెన్ అనీ చెప్పి అక్కడితో వదిలేశారు. రాసినాయన పేరు ఎక్కడా లేదు. సినిమాలో ఆ సన్నివేశానికి గొంతు ఇచ్చినావిడ పేరూ లేదు. వ్యాసం రాసినవారిని తప్పుపట్టాలని కాదు గానీ మనసు ఊరుకోలేదు, అందుకే ఈ ఉత్తరం.

పాట రాసింది హోవార్డ్ యాష్‌మన్. మెంకెన్‌తో కలిసి అంతకుముందు 'ద లిటిల్ మెర్మెయిడ్' అనే జలకన్య సినిమాకి పాటలు చేసింది కూడా ఆయనే. ఆ సినిమాలోని పాటకి 1990లో వాళ్లిద్దరికీ ఆస్కార్ వచ్చింది, ఆ అవార్డు తీసుకున్న కొద్ది రోజులకే తనకి ఎయిడ్స్ అని యాష్‌మన్ మెంకెన్‌కి చెప్పారు. అప్పటిదాకా పక్కనే కూర్చుని పనిచేసిన మనిషికి కూడా తెలియదు. అది ఆ జబ్బు పేరెత్తితేనే జనం దూరం జరిగిపోయే కాలం, సరైన మందులూ లేని కాలం. ఆయన న్యూయార్క్ దాటి వెళ్లలేని స్థితి వచ్చాక కాలిఫోర్నియా నుంచి డిస్నీ బృందమే ఆయన ఇంటికి దగ్గర్లో ఉన్న ఫిష్‌కిల్ అనే చిన్న ఊళ్లో హోటల్‌కి వచ్చి సినిమా పని చేసింది. ఈ పాట ఆ రోజుల్లోదే. 1991 మార్చి 14న ఆయన పోయారు, 40 ఏళ్లకి. సినిమా విడుదలైంది ఆ ఏడాది నవంబర్‌లో. పూర్తయిన సినిమా ఆయన చూడలేదు.

చివరి రోజుల్లో సినిమా బృందం వాళ్లు ఆయన ఆసుపత్రి మంచం దగ్గరికి వెళ్లి, ప్రెస్ వాళ్లకి వేసిన షో అద్భుతంగా జరిగిందని చెబుతూ ఎవరనుకున్నారిలా అవుతుందని అంటే, నేననుకున్నాను అన్నారట యాష్‌మన్. నిర్మాత డాన్ హాన్ ఈ సంగతి తర్వాత చెప్పారు. ఇది చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి.

ఇప్పుడు పాట సంగతి. మా అమ్మాయి పియానో నేర్చుకుంటూ ఈ పాట దగ్గర ఒక రోజు ఆగిపోయింది, మాటలు స్వరాల మీద సరిగ్గా కూర్చోవడం లేదని. సరే, పాదానికి ఎన్ని అక్షరాలున్నాయో వేళ్ల మీద లెక్కపెడదాం రమ్మన్నాను. మొదటి పాదం అయిదు. రెండోది అయిదు. మూడోదీ అయిదే. అలా ఆఖరి దాకా వెళ్లాం, ప్రతి పాదమూ పలికితే అయిదే అయిదు అక్షరాలు, ఒక చేతి వేళ్లకి సరిపోయినట్టు. అందులోనూ ఒక చోట పాదం మొత్తం కలిపి ఒకే ఒక్క మాట, మన 'అనుకోకుండా' అనే అర్థం వచ్చేది. అప్పటిదాకా చిన్న చిన్న మాటలు పొడిపొడిగా అడుగులేసుకుంటూ వచ్చి, ఇద్దరిలో ఒకరు కాస్త మెత్తబడ్డారని చెప్పిన వెంటనే ఆ పొడుగాటి మాట వస్తుంది, నిజంగానే అనుకోకుండా వస్తుంది. మా అమ్మాయి వేళ్లు ముడుస్తూ ముడుస్తూ ఆ మాట దగ్గర ఆగి, అమ్మా మన 'అనుకోకుండా'కి కూడా అయిదే కదా అంది! ఎన్నో ఏళ్లుగా వింటున్నాను, నాకు తట్టలేదు.

ఇంకో సంగతి. మీరు ప్రేమ గీతం అన్నారు, అంతా అలాగే అంటారు, కానీ ఆ సాహిత్యం మొత్తం వెతికినా ప్రేమ అనే మాట ఒక్కసారి కూడా దొరకదు. స్నేహం ఉంది, భయం ఉంది, కొంచెం మార్పు ఉంది, మనిషి మారగలడని తెలియడం ఉంది, ఇన్నాళ్లూ తప్పు నాదేనని గ్రహించడం ఉంది. తూర్పున సూర్యుడు పొడవడం ఉంది. ప్రేమ గురించి అంతా చెప్పి ఆ మాట మాత్రం నోట రానివ్వకపోవడం మామూలు పనితనం కాదు. అలాగే పాటలో 'నేను' కూడా లేదు. అంటే ఇది ప్రేమించుకుంటున్న ఇద్దరూ పాడుకునే పాట కాదు, వాళ్లని పక్కన నిలబడి చూస్తున్న ఒక పెద్దావిడ పాడేది.

అందుకే సినిమాలో అది టీపాట్ పాడుతుంది. శాపం తగిలి టీపాట్‌గా మారిపోయిన మిసెస్ పాట్స్ అనే పనావిడ. గొంతు ఆంజెలా లాన్స్‌బరీది, అప్పటికే అరవై దాటిన నటి. మొదట ఆవిడ ఇది నా తరహా పాట కాదు, ఇంకెవరితోనైనా పాడించండి అన్నారు. సరే, అవసరమైతే వాడుకోవడానికి ఒక్కసారి పాడి పెట్టమని వాళ్లు బతిమాలారు. రికార్డింగ్‌కి వస్తుంటే ఆవిడ విమానానికి బాంబు బెదిరింపు వచ్చి దారి మళ్లించారు, ఆలస్యంగా న్యూయార్క్ చేరారు, అయినా రేపు చూద్దాం అనకుండా స్టూడియోకి వెళ్లి ఒక్క టేక్ పాడారు. ఆ ఒక్క టేకే సినిమాలో ఉన్నది. జాగ్రత్తగా వినండి, కొన్ని చోట్ల గొంతు సన్నగా వణుకుతుంది, ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది, అయినా ఎక్కడా సాగదీయదు, పెద్దగా ఎత్తుకోదు. పాట అయిపోగానే కొడుకుని, ఆ బుల్లి టీ కప్పుని, నిద్రపోయే వేళైంది అలమారలోకి వెళ్లమంటుంది. అంత గొప్ప పాట పాడి వెంటనే పిల్లాణ్ణి పడుకోబెట్టే అమ్మ అయిపోతుంది. నాకు ఆ పాట మొత్తంలో అంతకంటే ఇష్టమైన క్షణం లేదు.

సెలిన్ డియోన్, పీబో బ్రైసన్ కలిసి పాడింది ఎండ్ టైటిల్స్ మీద వచ్చేది, సింగిల్‌గా రేడియోల కోసం విడుదల చేసినది. అదీ బాగుంటుంది, కాదనను. అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో 9వ స్థానం దాకా వెళ్లింది, గ్రామీ వచ్చింది, సెలిన్ ఇంగ్లిష్ శ్రోతలకి అప్పుడప్పుడే పరిచయం అవుతున్న రోజుల్లో ఆవిడకి చాలా పేరు తెచ్చింది. కానీ అందులో ఇద్దరూ గొంతులు పోటీగా పైకి లేపుతుంటే ఆ అయిదు అక్షరాల పాదాల నెమ్మది పోతుంది. పక్కన నిలబడి చూస్తున్న మనిషి పాటలోంచి తప్పుకుంటుంది. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు బోలెడుమంది ఉంటారని తెలుసు. ఒప్పుకోకపోయినా సరే, సినిమా పాట ఏది, బయట పాట ఏది అన్నదైనా వ్యాసంలో విడిగా చెప్పాల్సింది.

ఆస్కార్ వాళ్లు ఉత్తమ గీతం అవార్డుని స్వరకర్తకీ రచయితకీ ఇద్దరికీ ఇస్తారు. 2023లో 'నాటు నాటు'కి కీరవాణి గారి పక్కన చంద్రబోస్ గారు నిలబడి బొమ్మ అందుకుంటే మనమంతా టీవీల ముందు ఎంత మురిసిపోయాం! ఆ రోజు ఏ ఇంగ్లిష్ పత్రికైనా చంద్రబోస్ గారి పేరు వదిలేసి ఉంటే మనకి ఎలా ఉండేది? 1992లో ఈ పాటకి అవార్డు వచ్చినప్పుడు యాష్‌మన్ వంతు బొమ్మ అందుకోవడానికి ఆయన జీవన సహచరుడు బిల్ లాక్ వేదిక మీదికి వచ్చారు. ఎయిడ్స్‌తో పోయిన మనిషికి వచ్చిన మొదటి ఆస్కార్ ఇదేనని ఆయన ఆ వేదిక మీదే చెప్పారు. సినిమా చివర్లో తెర మీద యాష్‌మన్‌కి అంకితం కూడా ఉంటుంది, జలకన్యకి గొంతునీ మృగానికి ఆత్మనీ ఇచ్చిన మిత్రుడని. తెర మీద అంత పెద్దగా వేసిన పేరు మన పత్రికలో రెండు పేరాల్లో పట్టలేదా అనిపించింది.

మీరు అడగొచ్చు, ఇంత చిన్న విషయానికి ఇంత పొడుగు ఉత్తరమా అని. నాకు చిన్న విషయం కాదండి. పాట వింటే ట్యూన్ అందరికీ గుర్తుంటుంది, పాడినవాళ్ల మొహం టీవీలో కనిపిస్తుంది, రాసినవాడికి ఉన్నది ఆ ఒక్క పేరే.

వచ్చే ఆదివారం 'అలాద్దీన్' పాటల గురించి రాస్తామని అడుగున వేశారు. దయచేసి ఒక్క మాట చూసుకోండి. అందులో అలాద్దీన్, జాస్మిన్ తివాచీ మీద ఎగురుతూ పాడుకునే పాట టిమ్ రైస్ రాశారు, ఎందుకంటే అప్పటికి యాష్‌మన్ లేరు. కానీ దీపంలోంచి బయటికొచ్చిన జీనీ హుషారుగా పాడే పాట యాష్‌మన్ రాసి పెట్టి వెళ్లినదే. ఇద్దరి పేర్లూ వేయండి.

ఇట్లు,
మీ పత్రికని రోజూ చదివే ఒక పాఠకురాలు