అక్కర్లేని జీఎస్టీ అంటగట్టారు, నా 3,999 వెనక్కి ఇవ్వండి

కస్టమర్ కేర్ వారికి,

నేను ఇచ్ఛాపురంలో ఇంటి దగ్గర కూర్చుని పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. విశాఖలో ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టి ఏడు నెలలైంది. స్టూడియో వాళ్ళు ఫొటోలు పంపుతారు, నేను షీట్లు కూర్చి ఫైళ్ళు తిరిగి పంపుతాను, ప్రింటింగ్ వాళ్ళే ల్యాబ్‌లో చేయించుకుంటారు. ముహూర్తాలున్న నెలలో నలభై వేలు వస్తే గొప్ప. మూఢంలో పది వేలు కూడా చూడలేదు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్లు చేసిపెట్టే మీ ఫారంలో ఇదంతా రాశాను. అయినా పది నిమిషాల్లో మీ ఆఫీసు అబ్బాయి ఫోన్ చేసి మొదట అడిగింది, మీ కస్టమర్లు అందరూ ఆంధ్రాలోనేనా అని. బరంపురంలో రెండు స్టూడియోలున్నాయన్నాను. మాకు బరంపురం అంటే బజారుకెళ్ళినట్టు వెళ్ళొచ్చే ఊరు, కానీ కాగితం మీద ఒడిశా. అంతే, అది పట్టుకున్నాడు. "రాష్ట్రం దాటితే ఇరవై లక్షల పరిమితి ఉండదు మేడం, మొదటి రూపాయి నుంచే జీఎస్టీ తప్పనిసరి, లేకపోతే పెనాల్టీ పడుతుంది" అన్నాడు. టెన్షన్‌తో ఆ రాత్రే రిజిస్ట్రేషన్ కోసం మీకు 3,999 కట్టేశాను. అందులో 1,000 "ప్రభుత్వ ఫీజు" అని మీ బిల్లులోనే ఉంది. జీఎస్టీ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం పైసా తీసుకోదు కదా, మరి ఆ వెయ్యి ఎవరికి కట్టారో రసీదు చూపించండి.

మీవాడు చెప్పిన రూలు సరుకు అమ్మేవాళ్ళది. సర్వీసు చేసేవాళ్ళు పక్క రాష్ట్రానికి చేసినా సరే, ఏడాదికి మొత్తం 20 లక్షలు దాటేదాకా రిజిస్టర్ అవ్వక్కర్లేదని 2017 అక్టోబర్ 13నే నోటిఫికేషన్ ఇచ్చారు. మూడు నెలల తర్వాత మా బాబాయి వాళ్ళ ఆడిటర్ గారు చెబితే నాకు తెలిసింది. నాకు తెలియకపోవడం వేరు, రోజూ ఇదే అమ్ముకునే మీకు తెలియదా?

నంబర్ వచ్చాక ప్రతి బిల్లు మీదా 18 శాతం వేయాల్సిందే, నా సంపాదన ఎంత చిన్నదైనా. 6,000 ఆల్బమ్ 7,080 అయింది. నా స్టూడియోల్లో ఒక్కరికీ జీఎస్టీ లేదు, కాబట్టి ఆ 1,080 వాళ్ళకి ఎక్కడా క్రెడిట్ రాదు, అంటే వాళ్ళు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీల్లేదు, ఉత్త ఖర్చే. "అమ్మా, మాట్లాడుకున్నది ఆరు వేలు" అని ఒకాయన ఆరు వేలే ఇచ్చాడు, ఆ ఆరు వేలలోనే పన్ను కలిసి ఉన్నట్టు లెక్కేసి 915 నేను కట్టాను. ఇంకొకాయన పని ఇవ్వడమే మానేశాడు. నా కస్టమర్లు కంపెనీలైతే వాళ్ళు క్రెడిట్ తీసుకునేవాళ్ళు, నా ఖర్చుల మీద పన్ను నేనూ సర్దుకునేదాన్ని, అప్పుడు ఇష్టపడి రిజిస్టర్ అయినా అర్థం ఉండేది. మీ కస్టమర్లకి జీఎస్టీ ఉందా అన్న ఆ ఒక్క ప్రశ్న మీవాడు అడగలేదు.

దీనికి తోడు, బిల్లులు లేని మొదటి నెలకి రిటర్న్ వేయక్కర్లేదని చాట్‌లో చెప్పారు. అదీ తప్పే. బిల్లులు లేకపోయినా నిల్ రిటర్న్ వేయాల్సిందే, అది ఆలస్యమైనందుకు రోజుకి 20 చొప్పున 25 రోజులకి 500 లేటు ఫీజు కట్టాను. స్క్రీన్‌షాట్ పెడుతున్నాను. ఇక నెలకి 999 రిటర్న్స్ ప్యాకేజీ తీసుకోమని మళ్ళీ ఫోన్లు ఎలా చేస్తున్నారండీ, కొంచెమైనా మొహమాటం లేదా?

నా 3,999, ఆ 500 వెనక్కి వేయండి. రిజిస్ట్రేషన్ రద్దుకి దరఖాస్తు, రద్దయిన మూడు నెలల్లోపు వేయాల్సిన ఆఖరి రిటర్న్ కూడా మీ ఖర్చుతోనే చేసిపెట్టండి. కట్టిన 915 ఎలాగూ రాదు, అది నా ఖర్మ అనుకుంటాను. పదిహేను రోజులు చూసి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను. మీ బిల్లు, ఆ రోజు కాల్ రికార్డింగ్ కూడా దీనికి జత చేశాను. జవాబు మెయిల్‌లోనే ఇవ్వండి, ఫోన్ చేయొద్దు.