టీ-రెగ్ కణాలు కళ్లెం, బలం మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

టీ-రెగ్ (రెగ్యులేటరీ టీ) కణాలపై పరిశోధనకు 2025 వైద్య నోబెల్ మేరీ బ్రంకోవ్, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు వచ్చాక టీ-రెగ్‌లను ‘ఇమ్యూనిటీ పెంచే కణాలు’ అనడం వినిపిస్తోంది. అది తలకిందుల మాట. ఇవి రోగనిరోధక వ్యవస్థకు కళ్లెం వేసే కణాలు. ఆ కళ్లెం సడలితేనే మన రక్షణ కణాలు మన క్లోమం మీదో, కీళ్ల మీదో పడతాయి. ఈ కణాలను తీర్చిదిద్దే ఫాక్స్‌పీ3 జన్యువు పుట్టుకతో చెడిన మగబిడ్డలకు నెలల వయసులోనే మధుమేహం, ఆగని విరేచనాలు, ఎగ్జిమా వస్తాయి.

ఇలాంటి జబ్బులకు వీటిని మందుగా వాడాలంటే రోగి రక్తం తీసి, ఈ కణాలను ఏరి, పెంచి, తిరిగి ఎక్కించాలి. కష్టమంతా ఏరడంలోనే ఉంది. రక్తంలోని సీడీ4 కణాల్లో (టీ కణాల్లో ఒక రకం) ఇవి 5 నుంచి 10 శాతమే. వీటి అసలు గుర్తయిన ఫాక్స్‌పీ3 ప్రోటీన్ కణం లోపల ఉంటుంది. దాన్ని రంగు వేసి చూస్తే కణం చచ్చిపోతుంది, ఇక మందుకు పనికిరాదు. అందుకే కణం పైన ఉండే ప్రోటీన్లలో సీడీ25 ఎక్కువగా, సీడీ127 తక్కువగా ఉన్నవాటిని సార్టర్ అనే యంత్రంతో వేరు చేస్తారు. అయితే దాడి చేసే కణాలు కూడా ఉద్రేకం పొందితే సీడీ25ను పెంచుకుంటాయి, కొంతకాలం ఫాక్స్‌పీ3నీ చూపిస్తాయి. అవి కాసిని కలిసినా చిక్కే, ఎందుకంటే టీ-రెగ్‌లకంటే వేగంగా పెరుగుతాయి. కణాలను విభజించేలా చేసే సీడీ3, సీడీ28 యాంటీబాడీలు అంటించిన సూక్ష్మ పూసలు, ఐఎల్-2 ప్రోటీన్ వేసి రెండు వారాలు పెంచేటప్పుడు చాలా ల్యాబులు రాపమైసిన్ అనే మందు కలిపేది ఆ దాడి కణాలను అణచడానికే. చివరికి ఫాక్స్‌పీ3 జన్యువులోని టీఎస్‌డీఆర్ భాగంలో మిథైల్ గుర్తులు (జన్యువును మూసే రసాయన గుర్తులు) లేవని తేలితేనే నిఖార్సయిన టీ-రెగ్ అని నమ్మాలి. ఈ జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద; ఆడవారిలో ఒక ఎక్స్ క్రోమోజోమ్ మూతపడి ఉంటుంది కాబట్టి సగం గుర్తులు కనిపించడం సహజం. ఈ సంగతి మరిస్తే మంచి బ్యాచ్‌నే పారేస్తాం.

ఫలితాలనూ ఉన్నవి ఉన్నట్టు రాయాలి. 2015లో వెలువడిన అమెరికా ప్రయోగంలో టైప్-1 మధుమేహం ఉన్న 14 మంది పెద్దలకు 50 లక్షల నుంచి 260 కోట్ల కణాలు ఎక్కించారు. ఏడాది తర్వాత కూడా ఎక్కించాక చేరిన గరిష్ఠ స్థాయిలో 25 శాతం వరకు రక్తంలో మిగిలాయి. కానీ అది భద్రత చూసే తొలి దశ మాత్రమే. తర్వాత 8-17 ఏళ్ల పిల్లలపై జరిగిన రెండో దశలో సొంత ఇన్సులిన్ తయారీని ఇవి నిలబెట్టలేకపోయాయి. రక్తం నుంచి తీసినవాటిలో క్లోమాన్ని గుర్తుపట్టేవి బహు కొద్ది, మా దృష్టిలో అదే పెద్ద కారణం. కార్ అనే కృత్రిమ గ్రాహకం అమర్చి కణాలకు చిరునామా ఇచ్చే ప్రయత్నాలు అందుకే.

‘టీ-రెగ్ చికిత్స’ అని ఏదైనా ప్రకటన మీకు వస్తే అచ్చువేసేముందు దాని సీటీఆర్ఐ (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య, ప్రయోగ దశ, ఎక్కించే కణాల లెక్క అడగండి. ప్రయోగమే అయితే ఆ కణాలకు రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు.

– రోగనిరోధక శాస్త్ర అధ్యాపకులు, హైదరాబాద్