లైట్‌హౌస్ బాబుగారి అమ్మాయి తరఫున దండాలు

విశాఖ నుంచి శ్రీకాకుళం జిల్లా బారువ దాకా సముద్రం పక్కనే, 4 రోజుల పాటు తీరిగ్గా వెళ్ళొచ్చాం నేనూ మా ఆవిడా. దారిలో మాకు సాయం చేసినవాళ్ళలో చాలామంది పేర్లు అడగనే లేదు. అడిగిన ఒకరిద్దరూ "పేరెందుకు సారూ" అనేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ ఊళ్ళవాళ్ళు ఎవరైనా చదివితే దయచేసి ఈ మాట వాళ్ళ చెవిన వేయండి.

మా మావగారు లైట్‌హౌస్‌లో పనిచేసేవారు. మా ఆవిడ చింతపల్లి క్వార్టర్స్‌లో నడక నేర్చింది, కళింగపట్నంలో బళ్ళో చేరింది, బారువలో ఏడో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత బదిలీ మీద రాష్ట్రమే దాటిపోయారు. పెళ్ళైన ఈ 22 ఏళ్ళలో "మీ సొంతూరేది?" అని ఎవరడిగినా తను ఒక్క క్షణం ఆగి, "మాకు సొంతూరంటూ లేదండీ" అనేది. తాతగారి ఊరు సెలవుల్లో చూసిన ఊరే. పెరిగిన ఊళ్ళలోనేమో వీళ్ళు బదిలీ మీద వచ్చినవాళ్ళు. మావగారి సంవత్సరీకాలు అయ్యాక తనే అంది, ఆ మూడు చోట్లకూ ఒకసారి వెళ్దాం, హడావిడి లేకుండా వెళ్దాం అని.

మొదటి కృతజ్ఞత మా ఆఫీసులోని సిక్కోలు (శ్రీకాకుళం) మిత్రుడికి. "హైవే ఎక్కి పరుగెత్తకండి, భీమిలి మీదుగా పొండి" అన్నది ఆయనే. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటి, గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగాం. చింతపల్లిలో పాత క్వార్టర్స్ ఆనవాళ్ళు మా ఆవిడకు దొరకలేదు. గేటు దగ్గరున్న ఉద్యోగి ఎండలో మాతోపాటు నడిచి, "వంటిల్లు ఇదిగో, నుయ్యి అక్కడుండేదట" అని ఒక్కొక్కటీ చూపించాడు. అది ఆయన భోజనం వేళ అని తర్వాత తెలిసింది. ఆయనకు మా నమస్కారం.

ఇక కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా వెళ్ళాలని తన కోరిక. నాది సముద్రం లేని జిల్లా, ఇసుక సంగతి తెలియదు. పైకి గట్టిగా కనిపించిందని కారు దింపేశాను. పది గజాలు పోయేసరికి ముందు చక్రాలు దిగబడ్డాయి. నేను తొక్కినకొద్దీ చక్రం అక్కడే తిరిగి గొయ్యి లోతైంది, చివరికి కారు అడుగు ఇసుకకు ఆనేసింది. పొద్దు వాలుతోంది.

దూరంగా వల బాగుచేసుకుంటున్న నలుగురు లేచి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన మొదటి మాట, "ఇంజినాపీండి సారూ. ఇంక తొక్కకండి." కారు చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, చక్రాల వెనక ఇసుక రెండు చేతులతో తోడేశాడు. ఒక కుర్రాడు నాలుగు టైర్లలోనూ గాలి బాగా తగ్గించాడు. టైరు వెడల్పుగా పరుచుకుంటే ఇసుకలో దిగబడదట. ఇంకొకడు ఎండు కొబ్బరి మట్టలు ఈడ్చుకొచ్చి చక్రాల కింద అడ్డంగా పరిచాడు. వచ్చిన జాడలోనే వెనక్కి లాగాలి తప్ప కొత్త ఇసుకలోకి పోకూడదని పెద్దాయన గట్టిగా చెప్పాడు. పడవ లాగే మోకు తెచ్చి కారు వెనక కొక్కేనికి కట్టారు. ఈలోగా నలుగురు కాస్తా పన్నెండు మంది అయ్యారు.

మా ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, మోకు చివర పట్టుకుంది. "మీరొద్దమ్మా" అన్నారు ఎవరో. తను వదల్లేదు. తన చిన్నప్పుడు ఒడ్డు నుంచి పెద్ద వల లాగుతుంటే పిల్లలంతా మోకు తోక పట్టుకునేవాళ్ళట, చివర్లో గుప్పెడు చేపలు వాటా ఇచ్చేవాళ్ళట. పాట ఎత్తుకుని మూడు ఊపులు లాగేసరికి కారు పైకొచ్చేసింది. పెద్దాయన మా ఆవిడ కాళ్ళ వంక చూశాడు. మడమలు ఇసుకలో గుచ్చి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి నిలబడి ఉంది.

"మోకు పట్టడం ఎక్కడ నేర్సినావమ్మా?"

"ఇక్కడే" అంది తను.

ఆ ఒక్క మాటకి అక్కడున్న వాళ్ళందరి తీరూ మారిపోయింది. ఏ ఏడు, ఎవరి తాలూకు, లైటవుసులో ఏ బాబుగారు అని ప్రశ్నలు. డబ్బులు తీయబోతే పెద్దాయన నా చెయ్యి మూసేశాడు. "ఊరి ఆడపిల్ల కాడ డబ్బులు తీసుకుంతామేటి సారూ?" గాలి తగ్గించిన కుర్రాడు తన బండి మీద ముందు నడిచి పంచరు షాపు దాకా తీసుకెళ్ళాడు. షాపు మూసి ఉంటే ఇంటికెళ్ళి ఆయన్ని లేపుకొచ్చాడు. అన్నంలో చెయ్యి కడుక్కుని వచ్చి మరీ గాలి పట్టాడు ఆ షాపాయన. పన్నెండు మందికీ, ఆ షాపాయనకీ మరోసారి చేతులెత్తి మొక్కుతున్నాను.

మర్నాడు నౌపడ ఉప్పుమళ్ళ పక్క నుంచి వెళ్తూ తేలినీలాపురంలో కాసేపు ఆగాం. చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, వాటి పిల్లల అరుపులు. ఎండలో మేం నిలబడి చూస్తుంటే ఒకావిడ అరుగు మీద కూర్చోమని చెంబుతో నీళ్ళిచ్చింది. "ఇవి మా ఆడపడుచులమ్మా, పురిటికొస్తాయి" అంది. మా ఆవిడ ఆ చెంబు చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

బారువ గురించి చెప్పేముందు ఒక సంగతి చెప్పాలి. ప్రతి లైట్‌హౌస్‌కీ వెలుగు తిరిగే లెక్క ఒకటుంటుంది. ఎన్ని సెకన్లకోసారి మెరుస్తుందో చూసి, ఇది ఫలానా ఊరని ఓడలోని వాళ్ళు పోల్చుకుంటారు. మా ఆవిడ చిన్నప్పుడు ఆ లెక్క పెట్టుకుంటూనే నిద్రపోయేది. బదిలీ అయిన కొత్తలో లెక్క తప్పి నిద్ర పట్టేది కాదట. "ఈ ఊరి లెక్క ఇదమ్మా, నేర్చుకో" అని మావగారు పక్కన కూర్చుని తనతో లెక్కపెట్టించేవారట.

బారువలో మహేంద్రతనయ నది వైపు వీధుల్లో తిరుగుతూ, ఒకప్పుడు క్వార్టర్స్‌కి పాలు పోసిన ఇల్లు వెతికాం. నాలుగో గుమ్మంలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చూపు సరిగా ఆనదు. మా ఆవిడ తన పేరు చెప్పింది, గుర్తు రాలేదు. నాన్న పేరు చెప్పింది, తలూపింది కానీ మొహంలో ఏమీ లేదు. మేం లేవబోతుంటే తనే చెయ్యి పట్టుకుంది.

"మా ఇంట్లోకి ఎన్నంకెలకి పడతాది లైటూ అని అడిగీ గుంటవి గాదేటి నువ్వు?"

మా ఆవిడ ఏడ్చేసింది. నేనూ.

ఆ రాత్రి మమ్మల్ని లాడ్జికి వెళ్ళనివ్వలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ ఉద్దానం ప్రాంతపు కొబ్బరిని కూకటివేళ్ళతో పెకలించినప్పుడు వాళ్ళ తోట దాదాపు అంతా పోయింది. ఆ తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడే కాపుకొచ్చాయి. ఆ చెట్ల బోండాలే కొట్టించి ఇచ్చింది. వసారాలో నులక మంచాలు వేశారు. చీకటిపడ్డాక మా ఆవిడ లోగొంతుకలో లెక్కపెట్టడం వినిపించింది. వెలుగు వచ్చినప్పుడల్లా మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అలా ఎన్ని చుట్లు లెక్కపెట్టిందో గానీ, కాసేపటికి గొంతు ఆగిపోయింది. నిద్రపోయింది.

పొద్దున్నే మావగారి పాత ఫొటో ఒకటి ముసలమ్మకు చూపించాం. లైట్‌హౌస్ ముందు సిబ్బందితో దిగింది. కంటికి దగ్గరగా పెట్టుకుని, ఆ చివర పాలకేను పట్టుకుని నిలబడ్డ మనిషి మీద వేలు ఆనించింది. వాళ్ళాయన. ఆయన ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదట.

ఇంటికి రాగానే ఆ ఫొటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించాం. కొరియర్‌లో పంపుదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. వచ్చే నెల మేమే తీసుకెళ్తున్నాం. కళింగపట్నంలో ఆగుతాం, ఈసారి కారు రోడ్డు మీదే పెట్టి నడిచొస్తాం. ఆ పెద్దాయన ఎవరో తెలిసినవాళ్ళు ఆయనకు ముందుగా కబురు చేస్తే మహా సంతోషం.