పాలకూ ‘సిన్సియర్’ చెల్లుతుంది

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షలకు చదువుతున్న మా మనవరాలు ఒంగోలులోని ఒక శిక్షణ కేంద్రం నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు అభ్యాస పుస్తకంలో ‘సిన్సియర్ మిల్క్’ అనే ప్రయోగాన్ని దిద్దవలసిన తప్పుగా ఇచ్చి, ఆ విశేషణాన్ని ఏనాడూ వస్తువులకు వాడలేదని వివరణ రాశారు. నేటి వాడుక వరకు ఆ దిద్దుబాటు సరైనదే గాని, ‘ఏనాడూ’ అన్న మాట చెల్లదు.

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో, పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయం రెండో వచనంలో ‘సిన్సియర్ మిల్క్ ఆఫ్ ది వర్డ్’ అనే ఉంది. అక్కడ మన తెలుగు బైబిలులో ఉన్నది ‘నిర్మలమైన’ అన్న మాట. లాటిన్‌లో ‘సిన్సేరుస్’ అంటే స్వచ్ఛమైనది, ఏమీ కలవనిది; 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా ఈ అర్థాన్ని చెప్పింది. (‘మైనం లేకుండా’ అనే లాటిన్ మాటల నుంచి, అంటే పగుళ్లకు మైనం పూయని శిల్పం నుంచి, ఈ మాట పుట్టిందనే కథను పండితులు ఒప్పుకోరు.) ఆ వచనపు మూలంలోని గ్రీకు మాట ‘అదోలోస్’కు మోసం లేనిదనీ, కల్తీ లేనిదనీ రెండర్థాలూ ఉన్నాయి. ఇంగ్లీషులో ‘నిజాయితీ గల’ అని మనిషికి చెందిన అర్థం మిగిలి, పాలకు చెందినది వాడుక తప్పింది. అందుకే 1982 నాటి న్యూ కింగ్ జేమ్స్ అనువాదంలో అదే చోట ‘ప్యూర్’ అని మార్చారు.

మా చిన్నతనంలో పాలాయన గేదె పాలు కొలవబోతే, మా అమ్మ ముందుగా ఒక చుక్కను బొటనవేలి గోటి మీద వేయించుకుని, అది జారిపోకుండా నిలిస్తేనే గిన్నె పట్టేది. ఆమె చూసుకున్నది 1611 నాటి అర్థంలో ‘సిన్సియర్’ పాలనే.

మాటల అర్థం ఇలా జరగడం మనకూ తెలిసినదే. ‘శుద్ధ జలం’ అన్న నోటితోనే ‘శుద్ధ అబద్ధం’ అంటాం. పచ్చి పాలకు, పచ్చి మోసానికి ఒకే విశేషణం సరిపెడతాం. అబద్ధంలో శుద్ధి ఎక్కడిదని ఎవరూ అడగరు, అందులో నిజం బొట్టయినా కలవలేదని మనకు తెలుసు గనుక.

ఆ ప్రశ్నలో ‘నేటి వాడుకలో’ అన్న రెండు మాటలు చేర్చి ఉంటే నాకు ఈ లేఖ రాసే పని ఉండేది కాదు. మా మనవరాలికి మాత్రం, పరీక్షలో ఆ ప్రశ్న వస్తే తప్పనే గుర్తించమని చెప్పాను. మార్కు పోగొట్టుకోవడం ఎందుకు?

— ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, ఒంగోలు