ఇంటికి చక్రాలు పెడదామా?

రాత్రి కరెంటు పోయి డాబా మీద పడుకున్నప్పుడు వచ్చిన ఐడియా ఇది, నవ్వకుండా చదవండి. మన హన్మకొండ ఇంట్లో పడమటి గది మే నెలలో పొయ్యిలా కాలుతుంది కదా, ఆ గదిని కాజీపేటలో బోగీ లాగినట్టు పట్టాల మీద వేపచెట్టు కిందికి నెట్టేస్తే ఎట్లుంటది? బతుకమ్మ రోజుల్లో గదులన్నీ గోడవారకు జరిపితే నడుమ పెద్ద వాకిలి. వంటగది, బాత్రూం మాత్రం కదలవు, పైపులతో పెట్టుకోలేం.

టోక్యోలో 1972లో నకాగిన్ టవర్‌ను 140 గదులు బోల్టులతో బిగించి కట్టారు, పాతికేళ్లకు ఊడదీసి కొత్తవి పెట్టొచ్చని. ఒక్కటీ మార్చలేదు, 2022లో మొత్తం విప్పేశారు. అందుకే మనది ఒకదాని మీద ఒకటి వద్దు, నేల మీదే.

చిన్నక్కా, మీవాడు అగ్గిపెట్టెలతో మోడల్ చేస్తానన్నాడు, ఆదివారం తెమ్మను. నాయనమ్మ అప్పుడే అడిగింది, గది జరిపినప్పుడల్లా వాస్తు ఎవరు చూస్తారని.